ప్రో బాక్సింగ్‌ని జనం నిజంగానే వదిలేశారా?

గోదారి_గ్లోవ్స్:
మా ఆఫీసులో పాతికేళ్ల లోపు పిల్లల్ని ఇప్పుడు బాక్సింగ్‌లో హెవీవెయిట్ చాంపియన్ ఎవరని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు, యూఎఫ్‌సీ (చేతులు, కాళ్లు, కుస్తీ అన్నీ కలిపి ఆడే ఫైట్లు నడిపే కంపెనీ) ఫైటర్లు మెక్‌గ్రెగర్, ఖబీబ్ పేర్లు మాత్రం టకటకా చెప్పేశారు. మరి 2024 నవంబర్‌లో టైసన్, యూట్యూబర్ జేక్ పాల్ ఫైట్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు శనివారం పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నదీ వీళ్లే. 58 ఏళ్ల మనిషి ఆయాసపడుతూ ఎనిమిది రౌండ్లు నెట్టుకురావడం తప్ప అందులో చూడ్డానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు, అయినా 6 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ గొప్పగా చెప్పుకుంది. ఇంకోపక్క 45 ఏళ్లు బాక్సింగ్ చూపించిన అమెరికా కేబుల్ ఛానెల్ హెచ్‌బీఓ 2018లో బాక్సింగ్ దుకాణం కట్టేసింది, 2023 చివర్లో అలాంటిదే షోటైమ్ కూడా మానుకుంది. టైసన్ రోజుల్లో ఎంత బాగుండేదో లాంటి కబుర్లు వద్దు. ఆదరణ నిజంగా తగ్గిందా, తగ్గితే ఎందుకు తగ్గిందో తెలిసినవాళ్లు చెప్పండి.

జెర్సీసిటీ_బాబాయ్:
నేను అమెరికా సంగతే చెప్పగలను. ఇక్కడ తగ్గింది, అందులో డౌటేమీ లేదు. అయితే జనానికి కొట్లాట మీద మోజు పోయి కాదు, కొట్లాట వాళ్ల ఇంట్లోంచి వెళ్లిపోయింది కాబట్టి. 1978లో ఆలీ, స్పింక్స్ రెండో ఫైట్ ఏబీసీ ఛానెల్లో ఊరికే వచ్చింది, పైసా కట్టక్కర్లేదు. 80ల మొదట్లో కూడా వారాంతం మధ్యాహ్నం టీవీ పెడితే టైటిల్ ఫైట్ కనిపించేది. 1982 నవంబర్ 13న మాన్సినీతో తలపడ్డ కొరియా కుర్రాడు డుక్ కూ కిమ్ 14వ రౌండ్‌లో పడిపోయి కొద్దిరోజులకే చనిపోయాడు, ఆ ఫైట్‌ని సీబీఎస్ ఛానెల్లో లైవ్‌గా దేశమంతా చూసింది. ఆ దెబ్బకి టైటిళ్లు ఇచ్చే సంస్థ డబ్ల్యూబీసీ 15 రౌండ్లని 12కి తగ్గించింది. పెద్ద ఛానెళ్లు కూడా తర్వాత తర్వాత ఒక్కొక్కటే పక్కకి తప్పుకున్నాయి. దానికి ఈ చావు ఒక్కటే కారణం అనను, అప్పటికే ప్రమోటర్ల కళ్లు డబ్బు కట్టే కేబుల్ మీద పడ్డాయి.

అక్కణ్నుంచి పే-పర్-వ్యూ, అంటే ఒక్కో ఫైట్‌కి విడిగా డబ్బు కట్టి చూడ్డం. 2015 మేలో మేవెదర్, పాకియావ్ ఫైట్ 46 లక్షల కొనుగోళ్లతో రికార్డు కొట్టింది, హెచ్‌డీలో చూడాలంటే ఇంటికి దాదాపు 100 డాలర్లు. ప్రమోటర్లు ఇప్పటికీ ఆ అంకె చెప్పి మురిసిపోతారు గానీ, నా దృష్టిలో బాక్సింగ్‌ని పాడుచేసింది అలాంటి రాత్రులే. 2009లో మాటలు మొదలై, డోపింగ్ పరీక్షల దగ్గర పేచీ వచ్చి, నానీ నానీ ఒకాయనకి 38, ఇంకొకాయనకి 36 వచ్చాక జరిగింది. పాకియావ్ ఏమో భుజం గాయంతో దిగాడు. మా ఫ్రెండ్స్ తలా కొంత వేసుకుని చూశారు, ఫైట్ అయ్యేలోపే సగం మంది బిర్యానీ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరూ మళ్లీ బాక్సింగ్‌కి డబ్బు పెట్టినట్టు నాకు తెలీదు. ఏడాదికి రెండు పెద్ద రాత్రులు ఉంటే చాలు అనుకున్నారు వీళ్లు, మిగతా యాభై వారాలు ఆ ఆటని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాలుగు_బెల్టులు:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ గ్లోవ్స్ గారూ, అసలు రోగం మీరు పిల్లల్ని అడిగిన ప్రశ్నలోనే ఉంది. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, ఎవరి చాంపియన్ బెల్టు వాళ్లది, 17 బరువు విభాగాలు, అంటే ఒకేసారి 68 మంది ప్రపంచ చాంపియన్లు ఉండొచ్చు, మధ్యలో "ఇంటెరిమ్", "రెగ్యులర్" అని తోక బెల్టులు వేరే. 2024 మేలో ఉసిక్ సౌదీలోని రియాద్‌లో ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్‌లో నాలుగూ ఒకచోటికి తెచ్చాడు, లెనాక్స్ లూయిస్ తర్వాత దాదాపు పాతికేళ్లకి అందరూ ఒప్పుకునే ఒకే ఒక్క చాంపియన్ దొరికాడు. సంబరం ఎన్నాళ్లు? నెలన్నర కూడా నిండలేదు. ఫ్యూరీతో రీమ్యాచ్ ఒప్పందం ఉంది, ఐబీఎఫ్ ఏమో తమ వరసలో ఉన్నవాడితో ఆడమంటుంది, దాంతో ఆ బెల్టు వదిలేసుకోవాల్సి వచ్చింది. అది ఆ రాత్రి బరిలోనే లేని డుబోయ్ చేతికి వెళ్లింది. ఇది బాక్సింగ్ పిచ్చి ఉన్న నాలాంటివాడికే చిరాకు, కొత్తగా చూడ్డం మొదలెట్టినవాడికి ఎలా అర్థమవుతుంది?

సండే_మార్నింగ్_ఫైట్స్:
మీరిద్దరూ అమెరికా టీవీ పోయిందని బాక్సింగే పోయినట్టు మాట్లాడుతున్నారు. పైన వెక్కిరించారే ఆ ఐబీఎఫ్ బెల్టు, దాని కోసమే 2024 సెప్టెంబర్‌లో డుబోయ్, జాషువా ఆడితే లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి 96 వేల మంది వచ్చారు. టికెట్ కొని, సొంత కాళ్ల మీద నడిచి వచ్చినవాళ్లు. జపాన్‌లో నవోయా ఇనౌయే 2024 మేలో నెరీతో ఆడితే టోక్యో డోమ్‌లో 40 వేలకి పైగా జనం. ఆ డోమ్‌లో అంతకుముందు జరిగిన పెద్ద ఫైట్ ఏదో తెలుసా, 1990లో టైసన్‌ని బస్టర్ డగ్లస్ పడగొట్టింది. ఇనౌయే బరువు 55 కిలోల చిల్లర. హెవీవెయిట్లు లేకపోతే జనం రారు అనేవాళ్లు ఆ వీడియో ఒకసారి చూడాలి.

రియాద్ గురించి మాత్రం నేను అంత సంతోషంగా లేను. ఏళ్ల తరబడి జరగని ఫైట్లు అక్కడి సౌదీ డబ్బుతో చకచకా జరిగిపోతున్నాయి, చూసేవాడిగా నాకు పండగే. కానీ అది అభిమానుల జేబులోంచి వచ్చిన డబ్బు కాదు, రేపు వాళ్లకి సరదా తీరిపోతే ఫైటర్లకి ఇంత పెద్ద పారితోషికాలు ఎవరిస్తారు? ఇంకొకటి, జపాన్ అంటే అంతా బాగుందని కూడా కాదు. 2025 ఆగస్టు 2న టోక్యోలోని కొరాకుయెన్ హాల్‌లో ఒకే రోజు కార్యక్రమంలో వేర్వేరు ఫైట్లు ఆడిన ఇద్దరు బాక్సర్లు తలకి గాయాలై రోజుల తేడాలో చనిపోయారు. ఆట వెలుగుతున్న చోట కూడా ఆ భయం ఎక్కడికీ పోలేదు.

ఇందూరు_కోచ్:
మన దగ్గర తగ్గిందా అని అడగడానికి ముందు అసలు పెరిగింది ఎప్పుడో చెప్పండి. మాది నిజామాబాద్. నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ టైటిళ్లు కొట్టాక జిమ్‌కి ఆడపిల్లలు బాగా పెరిగారు, బాక్సర్ హుస్సాముద్దీన్‌ది కూడా ఈ ఊరే. కానీ వీళ్లది అమెచ్యూర్ బాక్సింగ్, ఒలింపిక్స్‌లో ఉండే మూడు రౌండ్ల ఆట. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది "సార్, స్పోర్ట్స్ కోటా వస్తదా" అనే. రైల్వే, ఆర్మీ, పోలీస్. నిఖత్‌కి తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, ఆ ఫొటో మా గోడ మీద ఉంది. ప్రో అయితే కోటా ఏది, పెన్షన్ ఏది, ఆడితేనే డబ్బులు. విజేందర్ 2015లో ప్రో అయ్యి మరుసటేడు ఢిల్లీలో కెర్రీ హోప్‌ని ఓడించినప్పుడు నాలుగు రోజులు పేపర్లలో కనిపించింది, తర్వాత ఆయన ఎప్పుడు ఆడుతున్నాడో కూడా జనానికి తెలియలేదు. నిశాంత్ దేవ్ 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో మొదటి ప్రో ఫైట్ గెలిచాడు, మంచి పిల్లోడు. ఇక్కడ ఎంతమంది చూశారంటే మా జిమ్‌లో నేనొక్కడినే.

గోదారి_గ్లోవ్స్:
కోచ్ గారూ, థాంక్స్, ఈ ఉద్యోగం కోణం నాకు తట్టలేదు. మరి బాబాయ్, యూఎఫ్‌సీ చేసినట్టు ఒకే కంపెనీ, ఒకే బెల్టు పెట్టేస్తే సరిపోదా?

జెర్సీసిటీ_బాబాయ్:
చూసేవాడికి సరిపోతుంది. 2001లో 20 లక్షల డాలర్లకి కొన్న యూఎఫ్‌సీని 2016లో 400 కోట్ల డాలర్లకి అమ్మారంటే ఆ పద్ధతి ఎంత పనిచేసిందో తెలుస్తూనే ఉంది. కానీ కంపెనీ ఆదాయంలో ఫైటర్లకి దక్కింది దాదాపు ఐదో వంతేనని వాళ్లు వేసిన కేసులో బయటపడింది, చివరికి కంపెనీ 37.5 కోట్ల డాలర్లకి వాళ్లతో రాజీ చేసుకుంది. బాక్సింగ్‌లో స్టార్ అయినవాడు ప్రమోటర్‌ని తన ముందు కూర్చోబెట్టుకుని బేరమాడతాడు. ఆ బేరాల వల్లే మనకి కావలసిన ఫైట్ ఆరేళ్లు లేటవుతుంది. రెండూ ఒకేచోట దొరకవు. నేనైతే ఫైటర్ వైపే. కాకపోతే 2025 సెప్టెంబర్‌లో కనెలో, క్రాఫర్డ్ ఫైట్ మామూలు నెట్‌ఫ్లిక్స్ చందాలోనే వచ్చింది, 4 కోట్ల మందికి పైగా చూశారట. పాల్ సర్కస్ కాదు అది, నిజమైన చాంపియన్ల మధ్య జరిగింది. ఆ దారిలో వెళ్తే కొంచెం ఆశ ఉంది.

సండే_మార్నింగ్_ఫైట్స్:
గ్లోవ్స్ అన్నా, ఆ ఆఫీసు పిల్లలకి పాత టైసన్ నాకౌట్లు పంపకండి, అవి వాళ్లు రీల్స్‌లో చూసేసి ఉంటారు. 2019 నవంబర్‌లో సైతామాలో జరిగిన ఇనౌయే, డొనేర్ మొదటి ఫైట్ పన్నెండు రౌండ్లూ చూపించండి. రెండో రౌండ్‌లోనే ఇనౌయే కంటి దగ్గర ఎముక విరిగింది, అలాగే చివరిదాకా ఆడి గెలిచాడు.