అప్‌డేట్: మా ఊరి బడి రూములు, రేగడి నేల ముచ్చట

పోయినసారి అడిగింది ఇదే, నల్గొండ జిల్లాల మా ఊరి బడికి సర్కారు బడులు బాగుచేసే మన ఊరు మన బడి స్కీం కింద రెండు రూములు శాంక్షన్ అయినయ్, పిల్లర్లు లేచి ఆగినయ్, డిజైన్ అన్ని ఊర్లకు ఒక్కటే అంటున్నరు, మరి మాది రేగడి నేల కదా పునాది ఆగుతదా అని. జవాబులు ఇచ్చినోళ్లందరికీ థాంక్స్.

ఇంజనీర్ సార్ వచ్చి చూసిండు. టైప్ డిజైన్ అంటే రూము సైజు, కిటికీలు, వరండా, స్లాబ్ ఇవే ఒక్కతీరు ఉంటయట, పునాది మాత్రం నేలను బట్టి మార్చుకోవాలె, రేగడి వానకు ఉబ్బి ఎండకు పగుల్లిస్తది కాబట్టి ఎర్రనేలల తవ్వినంత లోతు ఇక్కడ సరిపోదు అన్నడు. మాది మొరం, అంటే కింద గట్టి నేల, తగిలేదాంక తవ్వే పునాది పోసిండ్రట, చేసిన పని రాసే కొలతల బుక్కుల రాసి ఉన్నది, చూపిచ్చిండు. మనసు నిమ్మళమైంది.

అసలు బాధ బిల్లుల కాడ. 2022 మార్చిల వనపర్తిల స్కీం మొదలువెట్టినప్పుడు 26 వేలకు పైగ బడులు, 7,289 కోట్లు అన్నరు. గంత అన్నా మా కాంట్రాక్టర్‌కు పైసలు రాక పని ఇడిసిపెట్టిండు. పిల్లర్ల మీది సలాకలు తుప్పు పట్టి పొరలు పొరలుగ రాలుతున్నయ్, గీకి సిమెంట్ పాలు పూయమన్నడు సారు, అది మేమే చేసినం.

ఇంకోటి, ర్యాంపు డ్రాయింగుల ఉన్నది, విద్యాహక్కు చట్టం ప్రకారం ఉండాల్సిందే, కట్టేటప్పుడు ఎగ్గొట్టనియ్యకుండ్రి. మా బడిల నడవలేని పాప ఉన్నది, రోజూ వాళ్ల అన్న ఎత్తుకొచ్చి కూసోవెడ్తడు. బిల్లు కోసం ఈ సోమవారం కలెక్టరాఫీసుల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల దరఖాస్తు ఇస్తున్నం.