గినీ పిగ్ మూత్రం పోసేటప్పుడు అరుస్తోంది, ఎవరైనా త్వరగా చెప్పండి

బుజ్జి ఇంటివాళ్లు:
రాత్రి పదకొండు నుంచి వెతుకుతున్నా, ఇప్పుడు మూడయింది. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాశారు, బుర్ర పనిచేయట్లేదు. మా బుజ్జి రెండు రోజులుగా మూత్రం పోసేటప్పుడల్లా వీపు పైకెత్తి, ముడుచుకుపోయి, సన్నగా కీచుమంటోంది. కింద పరిచిన తెల్లగుడ్డ మీద ఇందాక గోరంత గులాబీ మరక కనపడింది. గడ్డి బాగానే పెడతాను, నీళ్లు రోజూ మారుస్తాను, మందు కూడా మొదలుపెట్టాను. అయినా తగ్గట్లేదు. ఇంకేం చేయాలి?

గడ్డిమోపు:
ఏం గడ్డి?

నాలుగు కేవీల ఇల్లు:
ముందు ఒక మాట చెప్పాలండీ. గినీ పిగ్ అన్న పేరే తప్పు. అది గినీ దేశానిదీ కాదు, పందీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జనం వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్న జీవి, కేవీ అనాలి. పేరుదేముంది అనుకోకండి. కుందేలులాంటిదే కదా అని కుందేలు మేత తెచ్చిపెట్టేవాళ్లని ఎంతమందిని చూశానో. కుందేలు ఒంట్లో విటమిన్ సి దానంతటదే తయారవుతుంది, కేవీకి మనలాగే బయటినుంచి అందాలి. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు, జబ్బుపడితే ఇంకాస్త ఎక్కువ. నీళ్లసీసాలో చుక్కలు వేసి ఇచ్చాననుకుంటారు, నీళ్లలో అది త్వరగా పాడైపోతుంది. ఎంత తాగిందో కూడా తెలీదు. నేరుగా నోటికే ఇవ్వాలి.

రాత్రి డ్యూటీ:
విటమిన్ సంగతి తర్వాత చూద్దాం. నేను జంతువుల ఆసుపత్రిలో పనిచేస్తాను, డాక్టర్ని కాను. బుజ్జి మగదా, ఆడదా? వయసెంత? చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ధారగానా, చుక్కలుగానా? తింటోందా? మందు మొదలుపెట్టానన్నారు, ఏ మందు, ఎవరు రాశారు?

బుజ్జి ఇంటివాళ్లు:
అయ్యో, మగదే అని రాయలేదా? నాలుగేళ్లు. మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తోంది, గంట కిందట కూడా వచ్చింది. పొద్దుటినుంచి సరిగ్గా తినలేదు. గడ్డి అంటే లూసర్న్, మంచి బలం అని మొదటినుంచీ అదే పెడుతున్నాం. మందు ఎవరూ రాయలేదండీ, పాపకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్, గులాబీ రంగుది. నిన్న రాత్రి అర మిల్లీ పోశాను. ఇన్ఫెక్షన్ అయితే తగ్గుతుందని.

రాత్రి డ్యూటీ:
సీసా మీద పేరు చదవండి.

బుజ్జి ఇంటివాళ్లు:
అమాక్సిసిలిన్.

రాత్రి డ్యూటీ:
ఇంకొక్క చుక్క కూడా వేయకండి. పెన్సిలిన్ జాతి మందులు గినీ పిగ్‌కి నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లో గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవుల్ని అవి తుడిచిపెట్టేస్తాయి, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం అనే చెడ్డ సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. విరేచనాలు కొన్ని రోజులాగి కూడా మొదలవ్వచ్చు, కాబట్టి ఇవాళ బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. డాక్టరుకి మొట్టమొదట ఈ మాటే చెప్పండి, సీసా చేతిలో పట్టుకెళ్లండి. భయపడి దాచేవాళ్లుంటారు, అందుకని చెప్తున్నా. మిమ్మల్ని తిట్టడానికి కాదు.

రెండోది, మగదైతే మూత్రనాళం పొడుగు, సన్నం. రాయి గానీ జారి అడ్డంపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. చుక్కలు కూడా ఆగితే తెల్లారేదాకా చూడొద్దు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. వస్తున్నాసరే, తినట్లేదు కాబట్టి పొద్దున్నే చూపించాలి. ఎక్స్‌రే తీయమని అడగండి, వీటి రాళ్లు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, తెల్లగా కనపడతాయి. మనుషుల నొప్పి మాత్రలు ముక్క చేసి కూడా వేయకండి.

గడ్డిమోపు:
లూసర్న్ ఆపండి. టిమోతీ అనే ఎండుగడ్డి పెట్టండి.

నాలుగు కేవీల ఇల్లు:
లూసర్న్‌ని మరీ విషంలా చెప్పొద్దు. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాటికీ అల్ఫాల్ఫా మంచిదనే పుస్తకాలు చెప్తాయి.

గడ్డిమోపు:
లూసర్న్, అల్ఫాల్ఫా రెండూ ఒకటే. నాలుగేళ్ల మగది పిల్లా, కడుపుతో ఉందా? లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. ఈ జీవులు మేతలో ఉన్న కాల్షియం చాలావరకు ఒంట్లోకి లాగేసుకుంటాయి, మిగులంతా మూత్రంలోనే పోవాలి.

నాలుగు కేవీల ఇల్లు:
ఒక్క గడ్డి వల్లే రాళ్లొస్తాయంటే ఒప్పుకోను. మా పెద్దది జీవితమంతా టిమోతీ తిని కూడా రాయితో పోయింది. నీళ్లు తక్కువ తాగడం, కదలకపోవడం, పుట్టుక, అన్నీ ఉంటాయి. బుజ్జిది రాయో, ఇసుకో ఇంకా తెలీదు కూడా. ఇసుకని రాయి అనకూడదు, వైద్యం వేరు.

గడ్డిమోపు:
మీ పెద్దది పోయిన సంగతి తెలీదు. బాధగా ఉంది. గడ్డి మాటమీద మాత్రం నిలబడతాను.

రాత్రి డ్యూటీ:
బుజ్జి ఇంటివాళ్లూ, ఒక పని. ఎండిన మరకని వేళ్ల మధ్య నలపండి. తెల్లగా, పొడిలా మెత్తగా ఉంటే మామూలే, వీటి మూత్రం సహజంగానే కొంచెం మడ్డిగా ఉంటుంది. ఇసుకలా గరగరలాడుతోందా? ఈలోగా ఆకలితో ఉంచకండి, మేత ఆగితే పేగులు ఆగిపోతాయి. పెల్లెట్స్ నీళ్లలో నానబెట్టి జావలా చేసి, సూది తీసేసిన సిరంజితో, ముందుపళ్ల పక్కనుంచి అర మిల్లీ చొప్పున. నమిలి మింగాకే ఇంకో అర. వెల్లకిలా పడుకోబెట్టి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంటింటి తూకం మీద కూర్చోబెట్టి బరువు రాసిపెట్టుకోండి.

బుజ్జి ఇంటివాళ్లు:
గరగరలాడుతోంది. నాలుగు మిల్లీలు తిన్నాడు. 910 గ్రాములు. అలవాటైన గడ్డి కదా, ఒక్కసారిగా మార్చినా తింటాడా?

గడ్డిమోపు:
రెండూ కలిపి పెట్టి, రోజూ లూసర్న్ తగ్గిస్తూ రండి. ఇవాళ్టికి ఏది తింటే అది తిననివ్వండి.

*(రెండు రోజుల తర్వాత)*

బుజ్జి ఇంటివాళ్లు:
ఎక్స్‌రేలో మూత్రాశయంలో మిరియం గింజంత రాయి కనపడింది. నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు, యాంటీబయాటిక్ కూడా మార్చారు. విరేచనాలు ఇంతవరకు లేవు. రేపు ఆపరేషన్. రాత్రినుంచి ఏమీ పెట్టకుండా ఉంచాలా? ఇంట్లో అందరూ ఖాళీ కడుపు అంటున్నారు.

రాత్రి డ్యూటీ:
మనుషుల లెక్క ఇక్కడ కుదరదు. ఇవి వాంతి చేసుకోలేవు, పైగా ఎక్కువసేపు ఖాళీగా ఉంటే పేగులకే ముప్పు. మీ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి అడగండి.

నాలుగు కేవీల ఇల్లు:
తీసిన రాయిని పరీక్షకి పంపమనండి. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు ఇది, దేనితో కట్టిందో తెలిస్తే మేత సరిచూసుకోవచ్చు.

బుజ్జి ఇంటివాళ్లు:
డాక్టర్ని అడిగాను, ఆపరేషన్ ముందు గడ్డి తియ్యొద్దన్నారు. బయల్దేరుతున్నాం. థాంక్స్ అండీ అందరికీ.

గడ్డిమోపు:
వచ్చాక బరువు రాయండి.