పాత పేటల్లో కొత్త అపార్ట్‌మెంట్లు: వీధివైపు రూపానికి నియమం ఉండాలా?

వాకర్‌టౌన్ నివాసి:
సికింద్రాబాదు పద్మారావునగర్‌లో, పాతవారు ఇప్పటికీ వాకర్‌టౌన్ అని పిలిచే మా పేటలో, మా సందులో మిగిలిన చివరి పెంకుటింటిని పోయిన నెల పడగొట్టారు. అక్కడ స్టిల్టు (కింద పార్కింగుకు వదిలే స్తంభాల అంతస్తు) మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంటు వస్తుందని బోర్డు పెట్టారు. గాంధీ ఆసుపత్రి ముషీరాబాదుకు వచ్చిన తరువాత ఈ చుట్టుపక్కల ఇళ్లకు గిరాకీ పెరిగిన మాట నిజమే కాబట్టి, అపార్ట్‌మెంటు కట్టడాన్ని నేను తప్పుపట్టడం లేదు. అది వీధివైపు చూపే రూపమే నా బాధ. పాత ఇంటి ప్రహరీ నడుము ఎత్తున ఉండేది. దాని మీదుగా పూలమొక్కలు, చెక్క జాలీ వేసిన వరండా, అందులో కూర్చుని పలకరించే మనిషి కనిపించేవారు. కొత్త వాటి ముందు నడిచేవారికి కనిపించేవి సిమెంటు స్తంభాలు, కార్లు, జనరేటరు, గేటు దాటి రోడ్డు మీదికి వచ్చిన ర్యాంపు. పై అంతస్తుల్లో పడమటి ఎండకు ఎదురుగా అద్దాలు, ఏసీపీ షీట్లు (గోడపై తొడిగే అల్యూమినియం పలకలు) బిగిస్తున్నారు. ఎలివేషన్‌కు, అంటే ముందువైపు అందానికి, అడ్డమని సన్‌షేడ్లు మానేయడం వల్ల రెండు వానాకాలాలకే గోడల నిండా నల్లని చారలు దిగుతున్నాయి. అనుమతి ఇచ్చే ముందు ఈ రూపాన్ని కూడా పరిశీలించాలని నా వాదన.

ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చిన కుటుంబం నుంచి:
మీ ఆవేదన అర్థమైంది గానీ, అటువంటి పాత ఇళ్ల లోపల ఉన్నవారి సంగతి కూడా వినండి. మా నాన్నగారు పోయాక ఇల్లు నలుగురం తోబుట్టువులకు వచ్చింది. దూలాలకు చెద పట్టింది, ప్రతి వానాకాలం ముందు పెంకులు సర్దే పనివారు దొరకలేదు, మోకాళ్ల నొప్పులతో అమ్మ మెట్లు దిగలేకపోయేది. సగం వాటాకు బిల్డరుకు ఇవ్వడం వల్లనే నలుగురికీ తలా ఒక ఫ్లాటు, అమ్మకు లిఫ్టు దక్కాయి. రూపం మీద మరొక నియమం పెడితే, ఆ ఖర్చు చివరకు మా వాటాలోనే కోత పడుతుంది.

ఒక ఆర్కిటెక్టు:
హైదరాబాదులో 2006 నాటి జీవో 86 ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చనే లెక్క) పరిమితిని ఎత్తివేసింది; 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఎంత ఎత్తు కట్టవచ్చో రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదిలే ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) నిర్ణయిస్తాయి. ఇరుకు స్థలంలో ఆ హద్దుల మధ్య చివరి అంగుళం దాకా ఫ్లాట్లు నింపి, పార్కింగును కిందికి నెట్టితే ఎవరు గీసినా దాదాపు ఒకే పెట్టె వస్తుంది. కనుక దోషమంతా బిల్డరు అభిరుచిదే అనడం సరి కాదు. అయితే సన్‌షేడ్ ఖర్చు ఏసీపీ షీట్ల ఖర్చు కన్నా ఎక్కువ కాదని నా అనుభవం, పైగా అది గదిని చల్లగా ఉంచుతుంది. ముందు సెట్‌బ్యాక్‌ను మొత్తం గచ్చు చేయకుండా రెండు చెట్లకు మట్టి వదలడానికీ పెద్ద డబ్బు అక్కరలేదు.

వాకర్‌టౌన్ నివాసి:
అమ్మగారి లిఫ్టు విషయంలో మీ మాటకు నా దగ్గర జవాబు లేదు, పెంకుటిళ్లను అలాగే ఉంచాలని పట్టుబట్టడమూ మానుకుంటున్నాను. కానీ ఆర్కిటెక్టు గారు చెప్పిన మార్పులు ఎవరి వాటానూ తగ్గించవు కదా. తక్కువ ఎత్తు ప్రహరీ, గేటు లోపలే ముగిసే ర్యాంపు, పార్కింగుకు వీధివైపు ఒక జాలీ గోడ కూడా అటువంటివే. నియమం కావాలంటే ఈ నాలుగయిదింటికే చాలు. మా సందులో ఇంకా పునాది తవ్వలేదు. ప్లాను ఖరారు కాక ముందే ఈ మాటలు చెప్పడానికి పక్కింటివారితో కలిసి వచ్చే ఆదివారం బిల్డరు దగ్గరకు వెళుతున్నాము; ఆ స్థలం యజమానులను కూడా రమ్మని అడిగాము.