ఐర్లండ్ పారిష్‌లో పొలాల పేర్ల నమోదు: పాత పటం పరిచి అడగాలా, వద్దా?

సర్వేరాయి:
నా మటుకు పటం రెండో విడతలోనే బయటికి తీయాలి. 1824లో మొదలైన ఆర్డ్నెన్స్ సర్వే (ప్రభుత్వ పటాల సర్వే) టౌన్‌ల్యాండ్ (అక్కడి అతి చిన్న భూవిభాగం) పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగులు ఖాయం చేసింది. ఆ స్పెల్లింగు చదివి వినిపిస్తే రైతు దాన్నే తిరిగి చెబుతాడు, ఇంట్లో పలికే రూపం బయటికి రాదు. ముందు రికార్డర్ పెట్టి, పెరటి నుంచి గేటు వెంట గేటు వరుసగా చెప్పించుకోవాలి. పేరు ఒక్కటే అడిగితే జాగ్రత్తగా పలుకుతారు. "పశువులు ఇప్పుడెక్కడున్నాయి?" అని అడగండి, అసలు పలుకుబడి దొరుకుతుంది.

పటంపిచ్చి:
టౌన్‌ల్యాండ్ల వరకు ఒప్పుకుంటానండీ. కానీ పొలాల పేర్లు ఆ పటాల్లో దాదాపు ఉండవు కదా, ఇక ప్రభావం ఎక్కడిది? పటం లేకపోతే దెబ్బ తగిలేది హద్దుల దగ్గర. పొదల గట్లు కొట్టేసి మూడు పొలం చెక్కలు ఒకటి చేసిన చోట, పేరు ఏ చెక్కదో మాటల్లో తేలదు. మైలుకు 25 అంగుళాల లెక్కన గీసిన పాత పటంలో ప్రతి చెక్కకూ నంబరు, విస్తీర్ణం ఉంటాయి. 1:2500 స్కేలులో ఏ3 కాగితం మీద కిలోమీటరు పొడవు, ముప్పావు కిలోమీటరు వెడల్పు నేల పడుతుంది. పెన్సిల్‌తో గీయించి, నంబరు పక్కన పేరు రాయించండి. గేటు దగ్గర తీసుకున్న ఒక్క జీపీఎస్ బిందువు చాలదు, చెట్ల కింద అది పక్క పొలంలో పడుతుంది.

సర్వేరాయి:
హద్దులకు పటం కావాలి, కాదనను. అయితే బావులు, మట్టికోటలు (గుండ్రటి మట్టిగట్టు ఉన్న పాత నివాసాలు) పటంలో ముద్రించి ఉన్నాయిగా! "ఫోర్ట్" అన్న అక్షరాలు కంటపడితే ఊళ్లో ఆ వలయాన్ని పిలిచే పేరు వెనక్కి పోతుంది. కనీసం వాటి మీద అక్షరాలు చెరిపేసిన ప్రతి తీసుకెళ్లండి.

గుడిదారి:
ఇద్దరూ పేర్ల మొదట్లో వచ్చే "కిల్" సంగతి వదిలేశారు. అది చర్చి కావచ్చు, అడవీ కావచ్చు. ఐరిష్‌లో ఆ రెంటికీ "క" పలికే తీరు వేరు. ఇంగ్లీషు మాట్లాడే జిల్లాల్లో ఆ తేడా మాసిపోయింది కాబట్టి రికార్డింగు ఒక్కటే తేల్చదు. సర్వేకు ముందటి దస్తావేజుల్లోని రూపాలు, నేల మీద పాత చర్చి చుట్టూ ఉండే గుండ్రని ప్రహరీ జాడ, రెండూ చూడాలి. బాప్తిస్మం కాని పసిబిడ్డలను పాతిపెట్టిన చోట్లకూ అలాంటి పేర్లే ఉంటాయి. అందుకే కచ్చితమైన స్థానం బయట పెట్టకండి, టౌన్‌ల్యాండ్ పేరు చాలు. మెటల్ డిటెక్టర్‌తో పురావస్తువులు వెతకాలంటే చట్టం ప్రకారం అనుమతి ఉండాలి, అయినా వెతికేవాళ్లకు మనమే దారి చూపినట్టవుతుంది.

పటంపిచ్చి:
స్థానం విషయంలో మీ మాటే సరి. చెరిపేసిన ప్రతి కూడా మంచిదే, బావులకూ కోటలకూ. కలిసిపోయిన పొలాలకు మాత్రం పాత చెక్కలు మూడూ, కొత్తది ఒకటీ, నాలుగు విడి గీతలుగా ఉంచండి. ఏ పేరు ఏ తరం వాడుతోందో పక్కనే రాయండి. ఒకటి ఉంచి మిగిలినవి చెరిపేస్తే మళ్లీ అడగడానికి మనుషులు ఉండరు.