యాసిడ్ హోస్ హైపో పైపుకి తగిలించాడు, బోర్డు పెడితే సరిపోతుందా?

బి_షిఫ్ట్:
నేను ఒక ఫార్మా యూనిట్ ఈటీపీలో (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) చేస్తాను. ట్యాంకర్ల నుంచి హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచ్ ద్రావణం) దించుకునే పైపులు రెండూ ఒకే గోడకి ఉన్నాయి, మధ్యలో మూరెడు దూరం కూడా లేదు, రెండింటికీ అదే రెండంగుళాల కామ్‌లాక్ (హోస్ తగిలించే కప్లింగ్). మొన్న నైట్ షిఫ్ట్‌లో యాసిడ్ బండి వస్తే, కొత్త డ్రైవర్ హోస్ తీసుకెళ్లి హైపో పైపుకి తగిలించేశాడు. వాల్వ్ తిప్పేలోపు మా హెల్పర్ చూసి అరిచాడు కాబట్టి బతికిపోయాం. పొద్దున పైవాళ్లకి చెబితే "పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి" అన్నారు. మీ దగ్గర ఏం చేస్తారు?

పాత_ఆపరేటర్:
నైట్ షిఫ్ట్‌లో బోర్డు ఎవరు చదువుతారు తమ్ముడూ. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం అచిసన్‌లో 2016 అక్టోబర్ 21న జరిగింది అచ్చం ఇదే. సల్ఫ్యూరిక్ యాసిడ్ హోస్ హైపో లైన్‌కి తగిలించారు, రెండు పైపుల మధ్య 18 అంగుళాలే, హైపో లైన్‌కి ఉండాల్సిన తాళం లేదు. రెండూ కలిసి పుట్టిన క్లోరిన్ విషవాయువు మేఘంలా ఊరి మీదకి పోయింది, 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లారు.
ముందు కప్లింగ్ సైజులు మార్చించు. అలాగని దాన్నే నమ్ముకోకు, డ్రైవర్ల దగ్గర అడాప్టర్లుంటాయి. రెండు పైపులకీ తాళం వెయ్యి, తాళాలు షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గరే ఉండాలి, ఆయన వచ్చి ఆ ఒక్క లైన్ తాళమే తియ్యాలి.

ల్యాబ్_పిల్ల:
తాళం తీసేముందు బండిలో ఉన్న సరుకు కూడా చూడండి, హైడ్రోమీటర్ (సాంద్రత చూపించే గొట్టం) ముంచితే తెలిసిపోతుంది కదా.

పాత_ఆపరేటర్:
సల్ఫ్యూరిక్ అయితే తెలుస్తుందమ్మా, సాంద్రత 1.84 ఉంటుంది. వీళ్లది హైడ్రోక్లోరిక్, అది 1.16 దగ్గర, హైపో 1.2 దగ్గర, చీకట్లో ఆ తేడా ఎవడికీ కనపడదు. పీహెచ్ పేపర్ చాలు: యాసిడ్‌కి ఎర్రబడుతుంది, హైపోకి ముందు నీలంగా మారి కాసేపటికి రంగే ఎగిరిపోతుంది.

మెయింటెనెన్స్:
ఒకటి మర్చిపోయారు, తప్పు జరిగాక ఆపేదెలా? అచిసన్‌లో వాల్వ్ దగ్గరకి పోలేక 45 నిమిషాల దాకా అలాగే పారింది. అందుకే కంప్రెసర్ గాలితో తెరుచుకుని, ఆ గాలి పోతే తనంతట తనే మూసుకునే వాల్వ్ పెట్టి, దాని బటన్ గేటు దగ్గర పెట్టాలి. పెట్టి ఊరుకోకుండా నెలకోసారి నొక్కి చూడాలి. మిస్సోరీలో ఫెస్టస్ దగ్గర 2002లో రైలు ట్యాంకర్ నుంచి క్లోరిన్ దించుతుంటే హోస్ పగిలింది, తుప్పు పట్టి వాల్వులు పూర్తిగా మూసుకోలేదు, మూడు గంటల్లో 22 టన్నుల దాకా పోయింది. ఆ హోస్ మీది లోహపు అల్లిక కాగితాల్లో హాస్టెల్లాయ్ (క్లోరిన్‌కి తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం), అసలు చూస్తే దానికి తట్టుకోలేని స్టెయిన్‌లెస్ స్టీల్.

బి_షిఫ్ట్:
తాళాలు ఇవాళే కొన్నాను, పెట్టీ క్యాష్‌లో వచ్చేశాయి. కప్లింగులకీ వాల్వ్‌కీ ఇండెంట్ రాశాను, ఎప్పటికి పాసవుతుందో. పొద్దున హైపో బండి వస్తే డ్రైవర్‌ని అడాప్టర్ల సంగతి అడిగాను, సీటు కింద నుంచి గోనెసంచి లాగి "ఏ సైజు కావాలి సార్" అన్నాడు.