ఫ్యాక్టరీ మట్టి లారీలు రాత్రి నడపాలా, పగలు నడపాలా? (రణస్థలం వైపు)

గెడ్డగట్టు:
శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో హైవేని ఆనుకుని ఎప్పుడో మూతపడిన కెమికల్ ఫ్యాక్టరీ ఒకటుంది. పేరు రాయను, ఇటువైపు వాళ్లకి తెలుసు. లోపల మురుగు నిలవబెట్టిన గుంటలు, వాటి కింద నల్లబడ్డ మట్టి, షెడ్డులో తుప్పు పట్టిన డ్రమ్ములు. ఇవన్నీ తవ్వి తీసి విశాఖ అవతల పరవాడ దగ్గరున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతామని ఊళ్లో మీటింగు పెట్టి చెప్పారు. మంచి మాట. బోరు నీళ్లు వదిలేసి డబ్బా నీళ్లు కొనుక్కుంటున్న వాళ్లం, ఇన్నాళ్లూ అడిగింది అదే.

కానీ లారీలు రాత్రి పది నుంచి తెల్లారగట్ల ఐదు దాకానే నడుపుతారట. ట్రాఫిక్‌కి ఇబ్బంది ఉండకూడదని. నేను దీనికి ఒప్పుకోను. పగలే నడపాలి, దానికోసం రోడ్డు కాసేపు ఆపాల్సివస్తే ఆపాలి.

రాత్రి పదంటే ఖాళీ అని ఎవరు చెప్పారో గానీ, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో బి షిఫ్టు దిగేదీ సి షిఫ్టు ఎక్కేదీ అప్పుడే. బస్సులు, షేర్ ఆటోలు, బైకులు అన్నీ సర్వీసు రోడ్డు మీదే. పైగా చీకట్లో టిప్పరు వెనక తలుపు సందులోంచి బురద కారితే ఎవడికి కనబడుతుంది? టార్పాలిన్ పైన కప్పుతారు, కారేది కింద నుంచి. తెల్లారేసరికి దాని మీద వంద బండ్లు తొక్కేసి ఉంటాయి.

ఇంకో సంగతి. రాత్రి గాలి కదలదు, ఆవిరి లేస్తే నేలకి అంటుకునే ఉంటుంది. 1984లో భోపాల్ ఫ్యాక్టరీలో విషవాయువు లీకు జరిగింది అర్ధరాత్రి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకయింది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా. మన మట్టి అంత ప్రమాదకరమని అనట్లేదు. ఏదైనా అయితే లేచి పరిగెత్తాల్సిన వాళ్లు మెలకువగా ఉండాలి కదా అంటున్నాను.

స్టీరింగ్:
అన్నా, నేను యాసిడ్ ట్యాంకర్లు తోలినోణ్ణి. మీరు సెప్పింది వినడానికి బాగానే ఉంది గాని పగలు ఆ రోడ్డు మీద ఏటి ఖాళీ ఉంటాది? రాంగ్ రూటులో ఆటోలు, డివైడర్ సందులోంచి అడ్డంగా దూరిపోయే బైకులు, మేకలు. లోడు బండికి సడన్ బ్రేకు కొడితే ఏటవుతాదో మీకు తెలీదు. రాత్రయితే నలభైలో సాఫీగా పోతాం. ఆనందపురం దాటి పెందుర్తి రోడ్డు ఎక్కేత్తే విశాఖ సిటీలోకి కూడా ఎళ్లక్కర్లేదు.

భోపాల్ అన్నారు కదా, ఆ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన విషపు చెత్తని 2025 జనవరి ఒకటిన రాత్రే తీసుకెళ్లారు. 337 టన్నులు, 12 కంటైనర్లు, 250 కిలోమీటర్లు, దాన్ని తగలబెట్టే పీథంపూర్ దాకా. దారిలో ఏటీ అవలేదు.

టీచర్, లావేరు:
పగలైనా రాత్రైనా, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య, సాయంత్రం నాలుగు తర్వాత ఒక్క బండి కూడా వద్దు. పిల్లలు సైకిళ్ల మీద హైవే దాటుతారు. బండ్లు ఎప్పుడొస్తాయో స్కూళ్లకి ముందే చెప్పాలి. అండర్‌పాస్ దగ్గర మనిషిని పెట్టాలి. ఇంతకంటే నాకు తెలియదు.

కెమిస్ట్రీ ఎమ్మెస్సీ:
అసలు తవ్వడం ఎందుకన్నది ఎవరూ అడగట్లేదు. కదిలించనంతవరకు ఆ మట్టి అక్కడే ఉంటుంది. తవ్విన క్షణం నుంచి దుమ్ము, ఆవిరి. పైన మందపాటి ప్లాస్టిక్ పొర, దాని మీద బంకమట్టి వేసి, చుట్టూ కాలువ తీసి మూసేస్తే లారీల గొడవే ఉండదు. చాలాచోట్ల చేసే పద్ధతే ఇది. డ్రమ్ములు మాత్రం తీసేయాల్సిందే. గెడ్డగట్టు గారికి ఇంకొకటి: మన ఎండల్లో మధ్యాహ్నం పూట సాల్వెంట్ (తేలిగ్గా ఆవిరయ్యే రసాయన ద్రవం) ఉన్న మట్టి తవ్వితే రాత్రి కంటే ఎక్కువ ఆవిరి లేస్తుంది. పగలు మంచిదని గుడ్డిగా అనకండి.

గెడ్డగట్టు:
ఎమ్మెస్సీ గారూ, మీరన్న ఎండ మాట నిజమే. అందుకే నేను అడిగేది పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. స్కూలు పిల్లలు లోపలికి వెళ్లిపోతారు, రెండింటి షిఫ్టుకి ఇంకా టైముంటుంది, ఎండ పూర్తిగా ముదరదు. లోడింగు పొద్దున్నే మొదలుపెట్టుకోవచ్చు.

మూసేయడం దగ్గర మాత్రం మీతో కలవలేను. ఆ గుంటలకి పక్కనే గెడ్డ, అంటే వాగు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుఫాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. అలాంటి వానలో గెడ్డ పొంగి గట్టు కోసుకుపోతే పైన వేసిన పొర ఏం ఆపుతుంది? కింద నుంచి ఊరే నీళ్లకి పొర అడ్డమే కాదు. మట్టి పోవాలి. వానలు పడకముందే పోవాలి, సగం తవ్విన గొయ్యిలో వాన పడితే మరీ దారుణం.

స్టీరింగ్ తమ్ముడూ, భోపాల్ నుంచి వెళ్లింది మూటకట్టి సీలేసిన చెత్త, ఒకే రాత్రి, ముందూ వెనకా పోలీసులు, అంబులెన్సులు, ఫైరింజన్లు. దారి మొత్తం ఖాళీ చేయించారు. రాత్రి కాబట్టి కాదు, రోడ్డు ఆపారు కాబట్టి ఏమీ కాలేదు. అయినా పీథంపూర్ జనం రెండు రోజులకే రోడ్డెక్కారు. మన దగ్గర మట్టి మూడు వేల టన్నులనుకో, టిప్పరుకి పదిహేను టన్నులు వేస్తే రెండు వందల ట్రిప్పులు. వెళ్లడం రావడం కలిపి నాలుగు వందల సార్లు మన సర్వీసు రోడ్డు మీదుగా. వారాల తరబడి ప్రతి రాత్రీ అంత బందోబస్తు పెడతారా? రెండో వారానికి ఒక హోంగార్డు మిగులుతాడు.

ఇంకా ఎవరూ ఎత్తని మాట మొక్కజొన్న. ఏప్రిల్, మే నెలల్లో రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల వైపు ఎవరైనా వచ్చి చూడండి. సర్వీసు రోడ్డులో సగం దాకా గింజలు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటారు. రాత్రి అక్కడే పరజా కప్పుకుని పడుకునే ముసలివాళ్లుంటారు. ఫ్యాక్టరీ గేటులోంచి వచ్చే టైరు పళ్ల మధ్య ఇరుక్కున్న నల్లమట్టి మొదటి అరకిలోమీటరులోనే రాలుతుంది. గింజల మీద, పడుకున్న మనిషి పక్కన. ఆరబోయొద్దని రైతుని కసరడం తేలిక. ముందు కల్లం చూపించి, తర్వాత రోడ్డు ఖాళీ చేయమనాలి. గేటు లోపలే టైర్లు కడిగే తొట్టి కట్టాలి. ఆ కడిగిన నీళ్లు కూడా గెడ్డలోకి కాదు, ట్యాంకులోకి పోవాలి.

స్టీరింగ్:
టైర్ల సంగతి కరెక్టే అన్నా. మేం కడుక్కోం, ట్రిప్పు లెక్కన డబ్బులిత్తే ఎవడు కడుగుతాడు? రోజు లెక్కన జీతమియ్యాలి. అలగే ప్రమాదకర సరుకు తోలడానికి మూడు రోజుల ట్రైనింగు, లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు (దానికి అనుమతని రాత) ఉండాలి. ఇసక టిప్పరు తోలినోణ్ణి తెచ్చి ఎక్కిత్తారు, అదీ నా బయ్యం. రాత్రయితే అదెవడూ చూడడు, అది మాత్రం మీరన్నట్టే.

కెమిస్ట్రీ ఎమ్మెస్సీ:
కాగితాలు కూడా అడగండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రతి లోడుకీ ఫారం 10 మ్యానిఫెస్టు (సరుకు వివరాల చీటీ) ఉండాలి, రంగు రంగుల కాపీలు ఏడు. అందులో ఒకటి పరవాడలో సరుకు దించుకున్నాక పంపినవాళ్లకి వెనక్కి రావాలి. గేటులోంచి వెళ్లిన లోడెంత, అక్కడ దిగిందెంత అని పోల్చుకోవచ్చు. తేడా వస్తే దారిలో ఏ పొలం గట్టునో పారబోసినట్టే. డ్రైవరు దగ్గర ఫారం 9 కార్డు ఉండాలి, ఒలికితే ఏం చేయాలో అందులో ఉంటుంది. గెడ్డ విషయంలో గట్టుకి రాతికట్టు కడితే మూసేయడమే నయమని నా మాట ఇప్పటికీ.

గెడ్డగట్టు:
రాతికట్టు మీద మనకి పడదు లెండి. కానీ మ్యానిఫెస్టు, రోజు జీతం, టైర్ల తొట్టి, స్కూలు టైములు అర్జీలో రాస్తున్నాను. వచ్చే సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సులో ఇస్తాం. లోడు ఒలికితే మొదట ఎవరికి ఫోన్ చేయాలో, ఎమర్జెన్సీ నంబరు 112కా హైవే నంబరు 1033కా, ఆ బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో అండర్‌పాస్ గోడ మీద పెట్టమని కూడా రాస్తాను. సర్వీసు రోడ్డు పక్క ఊళ్ల వాళ్లు ఎవరైనా సంతకానికి వస్తే ఆదివారం సాయంత్రం రామాలయం దగ్గరుంటాను.