రష్యా ఓమోన్ పోలీసుల ట్రైనింగ్‌లో వాడేది ఏం గన్నులు? మొహం మూసే ఆ హెల్మెట్ ఏంది? తెలిసినోళ్ళు చెప్పండన్నా

సీమ_రన్నర్ (అనంతపురం):

అన్నా అందరికీ నమస్తే. కానిస్టేబుల్ ఫిజికల్స్‌కి ప్రిపేర్ అవుతాండా, పొద్దున 5 కే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి పోతాం, బ్యాచ్‌లో ఆరుగురం. మా వాళ్ళలో ఒకడు నెల దినాల నుంచి రష్యా స్పెషల్ పోలీసుల ట్రైనింగ్ వీడియోలే చూస్తాండాడు, ఓమోన్ అంట వాళ్ళ పేరు, మాకూ చూపిచ్చినాడు. మంటల మీద నుంచి దూకేది, బురదలో పాకేది, తాడు పట్టుకుని బిల్డింగ్ మీద నుంచి దిగేది, తలకి పెద్ద లోహపు హెల్మెట్, మొహం మొత్తం మూసేసి కండ్ల కాడ మాత్రం రోంత అద్దం. చూస్తాంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఇప్పుడు మాలో మాకు వాదన. ఒకడు అందరి చేతిలో ఏకే-47 అంటాడు, ఇంకొకడు అది కాదు, ఏదో కొత్తది అంటాడు. ట్రైనింగ్‌లో నిజం తూటాలే కాలుస్తారా లేక ఉత్త శబ్దమేనా? వాళ్ళు మన ఏపీఎస్పీ బెటాలియన్ లాంటోళ్ళా, గ్రేహౌండ్స్ లాంటోళ్ళా? అన్నిటికంటే ముఖ్యంగా ఒంటి మీద మొత్తం ఎంత బరువు మోస్తారు? ఇది ఎందుకు అడుగుతాండా అంటే ఆ వీడియోలు చూసి మేం కూడా స్కూల్ బ్యాగుల్లో 15 కిలోల ఇసుక పోసుకుని పరిగెత్తేది మొదలుపెట్టినాం, పది దినాలైంది, నాకు మోకాలు కాడ నొప్పి వస్తాంది, మా వాడేమో ఓర్చుకో, రష్యావోళ్ళు అట్లనే తయారైనారు అంటాడు.

లేత్_షాప్_కర్నూలు:

తమ్ముడూ, నేను పోలీసు కాదు, మెకానికల్ డిప్లొమా చేసి లేత్ షాపు నడుపుకుంటాండా, గన్నుల మెకానిజం అంటే మాత్రం చిన్నప్పట్నుంచి ప్రాణం. తెలిసింది చెప్తా.

మొదట వాళ్ళెవరో చూద్దాం. ఓమోన్ 1988లో సోవియట్ కాలంలోనే పుట్టింది, అల్లర్లు, పెద్ద పెద్ద గుంపులు, ఊరేగింపులు వీటికోసం. తర్వాత 1992లో సోబర్ అని ఇంకొకటి పెట్టినారు, అది సాయుధ ముఠాలు, బందీలను విడిపించేది, తలుపు పగలగొట్టి లోపలికి పోయేది. కాబట్టి ఓమోన్‌ని మన బెటాలియన్ వాళ్ళతో పోల్చొచ్చు, సోబర్‌ని మన ఉగ్రవాద వ్యతిరేక పోలీసు దళం ఆక్టోపస్‌తో పోల్చొచ్చు. గ్రేహౌండ్స్‌ది అడవి పని కాబట్టి పోలిక సరిగ్గా కుదరదు. 2016లో ఈ రెండిటినీ పోలీసు శాఖ కింద నుంచి తీసి రోస్‌గ్వార్దియా అని కొత్త నేషనల్ గార్డ్ కింద పెట్టినారు, అంటే ఇప్పుడు లెక్క ప్రకారం వాళ్ళు పోలీసు శాఖ వాళ్ళు కూడా కాదు.

ఇంగ గన్ను. మీ వాళ్ళలో ఏకే-47 కాదు అన్నోడు గెలిచినాడు. ఎక్కువగా కనిపించేది ఏకే-74ఎం. చూడ్డానికి ఒకటే జాతి, తూటా వేరు. ఏకే-47ది 7.62 ఎంఎం, దీనిది 5.45 ఎంఎం. తూటా సన్నం, తేలిక, వేగం మాత్రం ఎక్కువ, సెకనుకి 900 మీటర్ల దాకా పోతాది, ఏకే-47 తర్వాత వచ్చిన పాత రకం ఏకేఎంది 715 చిల్లర. భుజానికి తన్నేది తక్కువ, అదే బరువుకి ఎక్కువ రౌండ్లు మోసుకోవచ్చు. వీడియోలో ఎట్ల గుర్తుపట్టాలంటే మ్యాగజైన్ చూడు. పాతదానికి అరటికాయ మాదిరి బాగా వంపు ఉంటాది, 74కి వంపు తక్కువ, దాంతోపాటు గొట్టం కొసన తన్నుడు తగ్గించే లావుపాటి మజిల్ బ్రేక్ ఉంటాది. ఇంత చిన్న గన్ను, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పక్కకి మడిచినది కనిపిస్తే అది ఏకేఎస్-74యూ, వాళ్ళ మామూలు పోలీసు గస్తీలో కూడా అదే.

ఏకే మాదిరే ఉండి మ్యాగజైన్ సన్నగా నిలువుగా కనిపిస్తే అది విత్యాజ్ సబ్‌మెషీన్ గన్. దాంట్లో 9 ఎంఎం పిస్టల్ తూటా వేస్తారు, ఎందుకంటే ఇంట్లోకి చొరబడి కాల్చేటప్పుడు రైఫిల్ తూటా అయితే గోడ దాటి పక్క గదిలో బందీకి తగులుతాది. దాని అన్న లాంటిది బిజోన్, దాని మ్యాగజైన్ గొట్టం మాదిరి కింద పడుకుని ఉంటాది, 64 రౌండ్లు మెట్ల మాదిరి చుట్టు తిరిగి ఎక్కుతాయి. దాన్ని డిజైన్ చేసినోళ్ళలో ఒకాయన కలాష్నికోవ్ కొడుకు, ఇంకొకాయన డ్రాగునోవ్ కొడుకు, నాయనల పనే కొడుకులకు వచ్చింది. నడుముకు ఉండే పిస్టల్ పాతోళ్ళకి మకరోవ్, 8 రౌండ్లది, కొత్తోళ్ళకి యారిగిన్. స్నైపర్‌కి 1963 నాటి ఎస్‌వీడీ డ్రాగునోవ్, శబ్దం రాకూడదంటే వింతోరెజ్. వింతోరెజ్ తూటా 9 ఎంఎం లావు, బరువు, కావాలనే శబ్దం వేగం కంటే తక్కువ వేగంతో పోతాది, అందుకే ఆ చటుక్కు మనే పగులు శబ్దం రాదు.

నాకు శానా ఇష్టమైంది మాత్రం కేఎస్-23. చూస్తే పెద్ద పంపు షాట్‌గన్, కానీ గొట్టం 23 ఎంఎం! అది విమాన విధ్వంసక తుపాకుల గొట్టం కొలత. తయారీలో లోపం వచ్చి పక్కన పెట్టిన ఆ గొట్టాలనే కోసి వీటికి వాడినారు, ఫిరంగికి పనికిరాని గొట్టం కూడా బాష్పవాయువు గుండుకి దండిగా సరిపోతాది. లేత్ మీద రిజెక్ట్ ముక్కలు చూసి బాధపడేవాడికి ఇంతకంటే మంచి మాట ఏముంటాది. జైళ్ళలో తిరుగుబాట్లు అణచడానికి తయారుచేసినారు దాన్ని. అదే గన్నులో రబ్బరు గుండు వేయొచ్చు, బాష్పవాయువు గుండు వేయొచ్చు, పారిపోయే కారు ఇంజన్ బ్లాకు పగలగొట్టే ఉక్కు గుండు కూడా వేయొచ్చు.

నిజం తూటాలా అంటే రెండూ ఉంటాయి. ఫైరింగ్ రేంజ్‌లో నిజం రౌండ్లు, బిల్డింగ్ లోపలికి దూరే ప్రాక్టీస్‌లో బ్లాంక్ రౌండ్లు (గుండు లేకుండా ఉత్త శబ్దం ఇచ్చేవి), జార్యా అని శబ్దం, వెలుగు ఇచ్చే గ్రెనేడ్లు, పొగ డబ్బాలు. వాళ్ళ పాత అంతర్గత దళాల్లో (2016లో అవి కూడా రోస్‌గ్వార్దియాలో కలిసిపోయినాయి) మొదలైన మెరూన్ రంగు బెరె టోపీ కోసం ఒక పరీక్ష ఉంటాది, 10 కిలోమీటర్ల పైన గన్నుతో, ఫుల్ కిట్‌తో పరుగు, నీళ్ళు, బురద, అడ్డంకులు, చివర్లో 12 నిమిషాలు చేతులతో ఫైటింగ్. దాంట్లో నాకు నచ్చింది ఏందంటే పరుగు అయినాక ప్రతి ఒక్కడూ తన గన్నుతో ఒక బ్లాంక్ రౌండ్ కాల్చి చూపించాల, మట్టి లోపలికి పోయి గన్ను పేలకపోతే ఎంత బాగా పరిగెత్తినా సరే వాడు అవుట్.

రష్యా_రిటర్న్_ప్రొద్దుటూరు:

నేను కజాన్‌లో మెడిసిన్ చదివొచ్చినా. 2018 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు కజాన్‌లో కూడా జరిగినాయి, అప్పుడు స్టేడియం చుట్టూ ఓమోన్ వాళ్ళని దగ్గర్నుంచి చూసినా. నువ్వు వీడియోలో చూసినంత భయంకరంగా ఏం లేరు. బూడిద రంగు, నీలం కలిసిన మచ్చల డ్రెస్సు, వీపు మీద వాళ్ళ అక్షరాల్లో ఓమోన్ అని పెద్దగా, నడుముకి నల్ల రబ్బరు లాఠీ. నా కంటికి ఒక్క రైఫిల్ కూడా కనపడలేదు ఆ రోజు. గుంపు కాడ పని చేసేటప్పుడు లాఠీ, షీల్డ్, హెల్మెట్ ఇవే వాళ్ళ రోజువారీ సామాను, గన్నుల షో వీడియోల కోసం.

పైన అన్న బాష్పవాయువు గుండు గురించి చెప్పినారు కదా, దాని పేరు చెర్యోముఖ. అది ఒక పూల చెట్టు పేరు తెలుసా, మే నెలలో తెల్లగా గుత్తులు గుత్తులుగా పూస్తాది, మా హాస్టల్ వెనకాల కూడా ఉండేది, వాసన అద్భుతం. అది పూసినప్పుడు మళ్ళీ చలి తిరుగుతుందని అక్కడ ముసలోళ్ళు చెప్తారు. ఇంకో రకం గ్యాస్ పేరు సిరేన్, అది కూడా పువ్వే. కండ్లు మండించే దానికి పూల పేర్లు ఎందుకు పెట్టినారో అని ఆ పేరు విన్నప్పుడల్లా మనసుకి ఒకలాగా ఉంటాది.

తమ్ముడూ ఇంగ నీ మోకాలు సంగతి. నొప్పి చిప్ప చుట్టూనా, మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ అవుతాందా? అట్లయితే ఇసుక బ్యాగు ఈ రోజే దించేయ్. పరిగెత్తే ప్రతి అడుగులో మోకాలి మీద పడే బరువు నీ ఒంటి బరువుకి ఎన్నో రెట్లు, దానికి ఇంకో 15 కిలోలు కలిపితే, అది కూడా వీపు మీద ఊగే స్కూల్ బ్యాగులో, చిప్ప కింద మృదులాస్థి రాపిడికి గురవుతాది. వారం రెండు వారాలు రెస్ట్ ఇచ్చి, తొడ కండరాలకు ఎక్సర్‌సైజులు చేసి, అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపిచ్చుకో. వాపు ఉన్నా, మోకాలు ఇరుక్కుపోయినట్టు అనిపించినా ఆగొద్దు, వెంటనే పో.

బెటాలియన్_పెద్దాయన (కడప):

నాయనా, నేను బెటాలియన్‌లో 30 ఏండ్లు చేసి రిటైరైనా. త్రీ నాట్ త్రీ రైఫిల్ తోటి మొదలుపెట్టినా, మధ్యలో ఎస్‌ఎల్‌ఆర్, ఆఖర్న ఇన్సాస్. కర్నూలు అబ్బాయి రాసింది మొత్తం చదివినా, దాంట్లో ఆ బ్లాంక్ రౌండ్ మాట కాడ ఆగిపోయినా. పరిగెత్తొచ్చినాక గన్ను పేలకపోతే అవుట్ అనేది. అదే నాయనా అసలు ట్రైనింగ్. మాకు ఫైరింగ్ అయినాక పుల్‌త్రూ గుడ్డ తెల్లగా వచ్చేదాకా గొట్టం తుడిపించేవాళ్ళు, రాత్రి ఎంతైనా సరే, అన్నం తర్వాత. కాల్చిన ప్రతి తూటాకీ ఖాళీ కేసు (తూటా తొడుగు) లెక్క అప్పజెప్పాల. ఒకసారి ఒక కేసు తగ్గిందని కంపెనీ మొత్తం చీకటి పడేదాకా గడ్డిలో మోకాళ్ళ మీద పాకి వెతికినాం, దొరికినాకనే ట్రక్కు కదిలింది. కుర్రోళ్ళు వీడియోలో మంట మీద దూకేది చూస్తారు, ఇది ఎవరూ వీడియో తీయరు.

బరువు అడిగినావు. గుంపుల్ని అదుపు చేసే మాబ్ డ్రిల్‌లో హెల్మెట్, బాడీ ప్రొటెక్టర్, షీల్డ్, లాఠీ, కాళ్ళకి ప్యాడ్లు, ఏప్రిల్ నెల కడప ఎండలో, మూడు గంటలు నిలబెడితే కండ్లు తిరిగేవి. వాళ్ళకి చలి, మనకి ఎండ, బరువు మాత్రం అందరికీ బరువే. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తాండా. ఆ బరువు మాకు చేరిన దినమే ఎక్కించలే. నెలల తరబడి పీటీ, డ్రిల్, ఆ తర్వాత చేతిలో కర్ర, ఆ తర్వాత గన్ను, ఆ తర్వాతే ఫుల్ కిట్. రష్యా అయినా అంతే ఉంటాది, ఆ మెరూన్ టోపీకి పోయేవాడు సర్వీసులో ఉండి నలిగినోడు, గ్రౌండ్‌కి కొత్తగా వచ్చిన పిల్లోడు కాదు.

నీకు కావాల్సింది ఏంది? 1600 మీటర్లు 8 నిమిషాల్లో. 100 మీటర్లు 15 సెకన్లు. లాంగ్ జంప్ 3.80. వీటిల్లో ఏ దానికీ ఇసుక బ్యాగు అవసరం లే. నా చేతి కింద ట్రైనింగ్ అయిన పిల్లోళ్ళలో మోకాలు పాడు చేసుకుని ఇంటికి పోయినోళ్ళను చూసినా, వాళ్ళ అమ్మానాయనల మొహాలు ఇప్పటికీ గుర్తుండాయి. దించేయ్ నాయనా ఆ బ్యాగు.

సీమ_రన్నర్ (అనంతపురం):

అక్కా, నొప్పి చిప్ప చుట్టూనే, మెట్లు దిగేటప్పుడే ఎక్కువ. వాపు లేదు. పెద్దాయన చెప్పింది మా బ్యాచ్‌కి చదివి వినిపిచ్చినా, ఆ వీడియోలు చూపిచ్చినోడే ఫస్ట్ బ్యాగు విప్పి ఇసుక గ్రౌండ్ పక్కన పారబోసినాడు. నేను రెండు వారాలు రన్నింగ్ ఆపుతాండా, అంతవరకు సిలబస్ పూర్తి చేస్తా. కర్నూలన్నా, హెల్మెట్ సంగతి మాత్రం మర్చిపోయినావ్, దానికోసమే ఈ పోస్టు పెట్టినా సగం.

లేత్_షాప్_కర్నూలు:

అవును తమ్ముడూ, గన్నుల్లో పడి వదిలేసినా. మొహం మూసే హెల్మెట్లలో శానా పేరున్నది అల్తిన్, టైటానియంతో చేసింది, 1980లలో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ వాళ్ళకోసం వచ్చింది. స్విట్జర్లాండ్ హెల్మెట్ ఒకటి చూసి దాని మాదిరి చేసినారు. ముందరి కవచం కూడా టైటానియమే, కండ్ల కాడ మందమైన తూటా తట్టుకునే అద్దం. మొత్తం కలిపి సుమారు 4 కిలోలు, అది తల మీద! మన బైకు హెల్మెట్ ఒకటిన్నర కిలో ఉంటేనే మెడ పీకుతాది. తర్వాత అదే దారిలో కే6-3 వచ్చింది, సోబర్ వీడియోల్లో ఎక్కువగా అది కనిపిస్తాది. మాస్క అని ఉక్కుతో చేసింది ఇంకొకటి ఉంది. ఇవన్నీ తలుపు పగలగొట్టి ఫస్ట్ లోపలికి పోయేవాడికి. ఎదురుగా పిస్టల్ పట్టుకున్నోడు ఉంటాడని తెలిసి పోయే పని అది, కాబట్టి అంత బరువు ఓర్చుకుంటారు. గుంపుల కాడికి పోయే ఓమోన్ వాళ్ళకి మామూలుగా మొహం ముందర ప్లాస్టిక్ వైజర్ (అద్దం మాదిరి రేకు) ఉన్న తేలికది. పాతకాలంలో స్ఫేరా అని ఉండేది, గుడ్డ టోపీ లోపల జేబుల్లో టైటానియం పలకలు పెట్టేది, పలక పాడైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు, నా దృష్టిలో మంచి డిజైన్.

ఇంకోటి, మీ వాడు ఏకే-47 అన్నాడు కదా, వాడి కోసం చెప్పు, ఆ 7.62 తూటాతోనే ఏకే-203 అని కొత్తది ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో మన దగ్గరే తయారవుతాంది, మన ఆర్మీకి.

రష్యా_రిటర్న్_ప్రొద్దుటూరు:

తమ్ముడూ, వాపు లేదంటే కొంచెం నయం. గోడకి వీపు ఆనించి, కొద్దిగా మాత్రమే కిందికి జరిగి, 20 సెకన్లు ఆగి పైకి రా. నొప్పి వచ్చేంత కిందికి పోవద్దు. రోజుకి పది సార్లు. పది రోజులైనాక ఎట్లుందో ఇక్కడే రాయి.